కూర్చున్న ఒంటికి ఎంత అన్నం

నా జబ్బుకు ఒక పేరు చెప్పమంటే చెప్పలేను. డాక్టర్లు ఒక్కో కాలంలో ఒక్కో పేరు చెప్పారు. మొదట లావన్నారు, తర్వాత నీరసమన్నారు, చివరికి పిత్తాశయంలో రాళ్ళన్నారు. నా లెక్కలో అదంతా ఒకటే జబ్బు. నా ఒంటికి ఎంత తిండి కావాలో నాకు తెలియకపోవడం. మా బావ ఓదెలును కూడా అదే తీసుకుపోయింది. నేను మిగిలాను. ఇప్పుడు గోదావరిఖనిలో ఏ రోడ్డు మీద నిలబడి చూసినా, గనిలో బలంగా బతికి పైకొచ్చాక బరువెక్కి ఆయాసపడుతున్న మనుషులు కనిపిస్తున్నారు. వాళ్ళలో ఒక్కరైనా మాలాగ చేయకుండా ఆగితే చాలనుకుని ఇది రాస్తున్నాను. రాస్తే నా మనసు కూడా కొంత కుదుటపడుతుందేమోనన్న ఆశ ఉంది.

ఓదెలు మా అక్క లచ్చక్క భర్త. మాది కమాన్‌పూర్ దగ్గర పల్లె. నాకు గనిలో పని దొరికేటప్పటికి బావ అప్పటికే కోల్‌ఫిల్లర్. నన్నూ తన ముఠాలోనే వేయించుకున్నాడు. కోల్‌ఫిల్లర్ అంటే మందుగుండుతో పేల్చిన బొగ్గును పారతో తట్టకెత్తి, తట్టను మోసి టబ్బులో, అంటే పట్టాల మీద నడిచే ఇనుప బండిలో పోసేవాడు. షిఫ్టంతా అదే పని. గని లోపల ఉక్క, వంగిన నడుము, చెమటకు ఒంటికి అతుక్కునే బొగ్గు పొడి. పైకొచ్చి స్నానం చేశాక ఆకలి ఎట్లా ఉండేదంటే, ఇంటికి నడిచే దారిలో కాళ్ళు వణికేవి.

బావ తిండి మా గని మొత్తానికి తెలుసు. పొద్దున గిన్నెడు జొన్న గట్క, పనిలోకి రెండు గిన్నెల సద్ది, ఇంటికొచ్చాక పళ్ళెం నిండా అన్నం, మళ్ళీ రాత్రికి జొన్న రొట్టెలు. అట్లా తిన్నా ఆయన పొట్ట వీపుకు అంటుకునే ఉండేది. అక్క వడ్డిస్తూ విసుక్కునేది.

"ఎక్కడ వోతదో నీ తిండి, నాకైతే సమజైతలేదు."

"టబ్బులల్ల వోతున్నది లచ్చీ. నేను తిన్నదంత బొగ్గయి రైలెక్కి పోతున్నది" అని బావ నవ్వేవాడు.

ఆ నవ్వులో గర్వం ఉండేది. నాకూ ఉండేది. ఎంత తింటే అంత పనిమంతుడని మేం నమ్మిన కాలం.

రెండువేల ఐదు, ఆరు సంవత్సరాల్లో మా గనిలోకి బొగ్గెత్తే యంత్రాలొచ్చాయి. ఫిల్లర్లను ఒక్కొక్కరిగా వేరే పనులకు మార్చారు. కష్టం తప్పిందని చాలామంది సంతోషించారు. నాకు పైన ఫ్యాన్‌హౌస్‌లో డ్యూటీ వేశారు. గని లోపలికి గాలి పంపే పెద్ద ఫ్యాను దగ్గర కూర్చుని అది సరిగ్గా తిరుగుతున్నదా లేదా చూడాలి. బావను ల్యాంపురూంకు పంపారు. దిగేవాళ్ళకు నెత్తి దీపాలు ఇవ్వడం, ఎక్కేవాళ్ళ దగ్గర తీసుకోవడం ఆయన పని.

పని మారింది, పళ్ళెం మారలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఇంత చిన్న సంగతి ఎవరికీ ఎట్లా తట్టలేదా అనిపిస్తుంది. తట్టకపోవడమే సహజం. పొద్దున లేచాక అదే ఆకలి అనిపించేది. నా భార్య సరోజన అదే గిన్నెలు తోమి అదే సద్ది కట్టేది. తక్కువ పెడితే మొగుడికి పెట్టడం లేదని అనుకుంటారని ఆమె భయం. తక్కువ తింటే పని తగ్గిన మనిషినని ఒప్పుకున్నట్టవుతుందని నా మొండితనం.

రెండు వానాకాలాలు తిరిగేసరికి అంగీలు బిగుతయ్యాయి. సరోజన కుట్లు విప్పి వదులు చేసింది, తర్వాత విప్పడానికి గుడ్డ మిగల్లేదు. మోకాళ్ళు నొప్పి పట్టాయి. క్వార్టర్ మెట్లెక్కితే గుండె గొంతులోకొచ్చేది. బావ నాకంటే లావెక్కాడు. ఆయనకు చక్కెర జబ్బు కూడా తేలింది. పొద్దున, సాయంత్రం వేసుకోవడానికి గోళీలిచ్చారు.

లావు కంటే బావను ఎక్కువ బాధపెట్టింది ల్యాంపురూం కిటికీ. ఆ కిటికీలోంచి చేయి బయటపెట్టి దీపాలందిస్తుంటే, దిగేవాళ్ళలో పాత ముఠావాళ్ళు నవ్వుతూ పలకరించేవారు. ఒకరోజు డ్యూటీ దిగి ఇద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ వస్తున్నాం. తొక్కితే ఆయాసమని నడిపిస్తున్నాం.

"బామ్మర్దీ, నేను మళ్ళ కిందికి పోత" అన్నాడు బావ.

"కిందేమున్నది బావ? నింపుడు పనే లేకపాయె."

"సపోర్టు పనుంది. పైకప్పు కూలకుంట దిమ్మెలు నిలవెడుత. గా కిటికీల కూసుంటే నన్ను నేనే ఎవ్వలకో అప్పజెప్పినట్టయితున్నది. కిందికి వోతే మళ్ళ మనిషినైత."

ఆ మాట మీదే ఆయన నిలబడ్డాడు. అర్జీ పెట్టుకున్నాడు.

రెండువేల పది చివర్లో ఇద్దరికీ వైద్య పరీక్ష పడింది. దవాఖాన వరండాలో పొడుగు బల్లల మీద గనికార్మికులం వరుసగా కూర్చున్నాం. బరువు తూచే యంత్రం అందరికీ కనిపించేటట్టు గుమ్మం దగ్గరే ఉంది. బావ ఎక్కినప్పుడు వెనక నుంచి ఎవరో "మిషిన్ పైలం, ఇరుగుతది" అన్నారు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాక ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు వాటినే చూసుకున్నాడు.

లోపల పెద్ద డాక్టరు కోపంగా ఏమీ మాట్లాడలేదు. బరువు తగ్గాలి, చక్కెర అదుపులోకి రావాలి, అప్పుడు లోపలి పనికి పంపే విషయం చూస్తామన్నాడు. నన్ను కూడా తగ్గమన్నాడు. బయట ఇంకా అంతమంది ఉన్నారు, ఆయనకు అంతకంటే చెప్పే తీరిక లేదు, మాకు అడిగే ధైర్యం లేదు. బరువు తగ్గాలంటే ఏంచేయాలో వేరే అడగాలా అనుకున్నాం. తిండి మానేస్తే సరి.

మరుసటి ఎండాకాలం మొదలుపెట్టాం. తెల్లారగట్ల మైదానంలో నడక. అక్కడ నడిచేవాళ్ళలో తలా ఒక మాట చెప్పేవారు. పొద్దున నిమ్మకాయ నీళ్ళు చాలని ఒకరు, అన్నం ముట్టవద్దని ఒకరు, పొద్దు మునిగాక పచ్చి మంచినీళ్ళు కూడా వద్దని ఒకరు. బావ అన్నీ విని అందులో అన్నిటికంటే కఠినమైనదాన్ని ఎంచుకున్నాడు. పొద్దున నిమ్మకాయ నీళ్ళు, సాయంత్రం ఒక జొన్న రొట్టె, ఇంత ఆకుకూర. మధ్యలో ఏమీ లేదు. నేనూ ఆయన వెంటే. టబ్బులు నింపిన రోజుల నుంచి ఆయన చేసిందే నేను చేశాను, ఇదీ అట్లాగే.

మొదట్లో పండగలాగుంది. నెల తిరక్కుండానే అంగీలు వదులయ్యాయి. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడిపించుకున్నాం. ల్యాంపురూం కిటికీ దగ్గర జనం "ఏందన్న, సగమైనవ్" అంటే బావ ముఖం వెలిగిపోయేది.

తర్వాత మెల్లమెల్లగా ఒంట్లో ఏదో మారుతూ వచ్చింది. బయట రామగుండం ఎండ నిప్పులు కురుస్తుంటే నాకు చేతులు చల్లగా ఉండేవి. ఫ్యాన్‌హౌస్ వేడిలో కూడా అంగీ మీద అంగీ వేసుకుని కూర్చునేవాణ్ణి. దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వచ్చేది. నీళ్ళ బకెట్టు ఎత్తితే భుజాలు వణికేవి. బొగ్గు మోసిన భుజాలు అవి. అన్నిటికంటే కోపం. సరోజన పొయ్యి మీద పోపు వేస్తే చాలు, ఆ వాసనకు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. ఒకనాడు కూరగిన్నెను గోడకు కొట్టాను. నా కొడుకు పుస్తకాలు తీసుకుని పక్క క్వార్టర్‌కు పోయి చదువుకున్నాడు. సరోజన గోడ కడుగుతూ మెల్లగా అన్నది.

"నువ్వు తింటలేవని నేను గూడ తింటలేను. గది నీకు కానొస్తలేదు."

నిజంగానే చూడలేదు. ఆమె చెంపలు లోపలికి పోయి ఉన్నాయి.

ఇంత చేసినా వానాకాలం వచ్చేసరికి బరువు తగ్గడం ఆగిపోయింది. అదే రొట్టె, అదే నడక, యంత్రం ముల్లు మాత్రం కదలదు. మేం ఎక్కడో దొంగతనంగా తింటున్నామన్నట్టు ఇద్దరం ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం. బావ ఆ రొట్టెను కూడా సగం చేశాడు. చక్కెర గోళీలు మాత్రం పొద్దున, సాయంత్రం తప్పకుండా వేసుకునేవాడు. డాక్టరు చెప్పిన మాట తప్పకూడదని ఆయన పట్టుదల. తిండి మానేసి ఆ గోళీలు వేసుకోవడం ప్రమాదమని మాకు తెలియదు. మేం మానేసిన సంగతి డాక్టరుకు తెలియదు.

ఆ సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. గనులన్నీ ఆగిపోయాయి. లోపల గాలి ఆడకపోతే, నీళ్ళు తోడకపోతే గని పాడవుతుంది కనుక ఫ్యాన్లు, పంపులు మాత్రం ఆగలేదు. నేను డ్యూటీ వంతు లేనప్పుడల్లా రోడ్డు మీదికి పోయేవాణ్ణి. చౌరస్తాలో టెంట్లు వేసి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్ళం. ఆడవాళ్ళు, మగవాళ్ళు, వకీళ్ళు, పంతుళ్ళు, ఆటో నడిపేవాళ్ళు అందరూ ఒకే బంతిలో కూర్చుని తినేవారు. ఆ రోజుల్లో ఉన్నంత కలుపుగోలుతనం నేను మళ్ళీ చూడలేదు. దాని నడుమ మేమిద్దరం తినని వాళ్ళం. ఎవరైనా పిలిస్తే పొట్ట బాగాలేదని చెప్పేవాళ్ళం.

ఒకరోజు బావ వడ్డించేవాళ్ళలో ఉన్నాడు. ఉడికిన అన్నం గంప పట్టుకుని బంతి మధ్యలో తిరుగుతున్నాడు. ముఖం నిండా చెమటలు. ఎండ అట్లాగే ఉంది కాబట్టి నేనేమీ అనుకోలేదు. ఒకాయన విస్తరిలో అన్నం పెట్టి, మళ్ళీ అదే విస్తరి దగ్గరికి వచ్చి మళ్ళీ పెట్టబోయాడు. విస్తరి ముందున్నాయన చేయి అడ్డం పెట్టి నవ్వాడు.

"బావా, కూసో జర. నేనేస్త" అన్నాను.

"టబ్బు నిండలే ఇంక" అన్నాడు.

పరాచికమనుకున్నాం. పక్కవాళ్ళు కూడా నవ్వారు. నేను గంప తీసుకున్నాక ఆయన టెంటు కిందికి పోయి జంపఖానా మీద ఒరిగాడు. ఎండకు అలసిపోయాడు, కాసేపు పడుకోనిద్దామన్నారు ఎవరో. టెంటులో పాటలు, ఉపన్యాసాలు నడుస్తున్నాయి. అంత చప్పుడులో కూడా నిద్రపోతున్నాడంటే ఎంత అలసటో అనుకున్నాను. బంతులన్నీ అయిపోయి, గిన్నెలు కడిగాక లేపబోయాను. అంగీ మొత్తం తడిసి ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. పేరు పెట్టి పిలిచినా, చెంపల మీద తట్టినా కన్ను తెరవలేదు. గొంతులోంచి గురక లాంటి శబ్దం మాత్రం వస్తున్నది.

అంతమంది జనం రెండుగా చీలి ఆటోకు దారి ఇచ్చారు. దవాఖానలో రక్తంలో చక్కెర బాగా పడిపోయిందని చూసి, నర్సు పరుగెత్తింది. సెలైన్ పెట్టారు, సూదులిచ్చారు. చక్కెర పెరిగింది, బావ లేవలేదు. చాలాసేపు మెదడుకు చక్కెర అందలేదని, కరీంనగర్ తీసుకుపొమ్మని చెప్పారు.

కరీంనగర్ దవాఖానలో బావను అద్దాల గదిలో ఉంచారు. బయట మెట్ల మీద, గోడల వెంట మాలాంటి వాళ్ళు చాపలు పరుచుకుని ఉన్నారు. లచ్చక్క అద్దం దగ్గర నిలబడితే కదిలేది కాదు. మేనకోడలు స్వప్న ఇంటర్ చదువుతున్నది, పుస్తకం తెరిచి పెట్టుకుని అదే పేజీ చూస్తూ కూర్చునేది. డాక్టరు ప్రతిసారీ అదే మాట చెప్పేవాడు, చూద్దామని. అద్దంలోంచి చూస్తే బావ సన్నగా కనిపించేవాడు. ఇన్ని నెలలు ఆయన కోరుకున్న సన్నదనం అదే.

అక్కడే ఒక మందమర్రి ఆమెతో పరిచయమైంది. ఆమె కొడుకు కాలు విరిగి పక్క వార్డులో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను గోడకు ఆనుకుని ఉంటే కళ్ళకు చీకట్లొచ్చాయి. జారి కూర్చున్నాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని సద్దిమూట విప్పింది.

"ఏం తిన్నవన్నా పొద్దుగాల?"

నేను తల అడ్డంగా ఊపాను.

"లోపల పండుకున్నాయనకు నువ్వు గావాలె గద. పట్టు, తిను."

పెరుగన్నం ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. నెలల తర్వాత అన్నం నాలుకకు తగిలింది. నేను ఏడుస్తూనే తిన్నాను. ఆమె ఏమీ అడగలేదు, ముద్ద మీద ముద్ద చేసి పెడుతూ పోయింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు. ఆ తర్వాత ఎంతమంది దగ్గర ఎన్ని మంచి మాటలు విన్నా, నన్ను బతికించింది ఎవరంటే నాకు ఆమే గుర్తుకొస్తుంది.

బావ కళ్ళు తెరవకుండానే, సమ్మె ముగియకముందే పోయాడు. పెద్దపల్లి మీదుగా వ్యానులో తీసుకొచ్చాం. దారిలో రోడ్డు దిగ్బంధం పెట్టినవాళ్ళు వ్యాను లోపలికి తొంగిచూసి, మాట్లాడకుండా రాళ్ళు పక్కకు తీశారు. దినకర్మ రోజున లచ్చక్క నన్ను దొడ్లోకి పిలిచింది.

"తమ్మీ, మందికి ఏమని చెప్పాలెరా? ఇంట్ల బియ్యం వెట్టుకోని, తిండి లేక సచ్చిండని చెప్పాలెనా?"



ఆ చలికాలం అంతా నేను సరిగ్గా తిన్నానని చెప్పలేను. మొదట తినాలంటే భయం, తర్వాత తినడం మొదలుపెడితే ఆపలేకపోవడం. అన్నం ముందు కూర్చుంటే కడుపు నిండిందో లేదో తెలిసేది కాదు. రెండువేల పన్నెండు ఎండాకాలానికి పోయిన బరువు మొత్తం తిరిగి వచ్చింది, పైన ఇంకొంత కూడా. బెల్టు పాత బెజ్జాలకు చేరింది. ఇదంతా దేనికోసం చేశామని రాత్రిళ్ళు గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. సరోజన వీపు మీద చేయి వేసి ఊరుకునేది.

అప్పుడే కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. తిన్న తర్వాత వచ్చేది, వీపులోకి పొడిచేది. గ్యాసనుకుని సోడాలు తాగాను. ఒక పొద్దున ఫ్యాన్‌హౌస్‌లో ఆ నొప్పికి నేల మీద పడి ముడుచుకుపోయాను. కంపెనీ దవాఖానలో ఫొటో తీసి పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. తిండి మానేసి జల్ది బరువు తగ్గినవాళ్ళకు ఇట్లా వస్తుంటాయని అక్కడే మొదటిసారి విన్నాను. ఆపరేషన్ చేశారు.

వార్డులో నన్ను చూడటానికి ఒక డాక్టరమ్మ వచ్చేది. మంథని వాళ్ళమ్మాయి, వయసులో చిన్నది. గొంతు పెంచకుండా మాట్లాడేది. కట్టు చూసి పోవలసిన మనిషి, ఒకరోజు నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. సరోజన మా సంగతంతా చెప్పింది. నేను బావ గురించి మాత్రం చెప్పాను. డాక్టరమ్మ అంతా విన్నది.

"మీ డ్యూటీ ఎక్కడ?" అని అడిగింది.

"ఫ్యాన్‌హౌస్‌ల మేడం."

"పండుగ సెలవు నాడు గనిల ఎవరు దిగరు గదా. ఫ్యాను బందు పెడ్తరా?"

"పెట్టరు మేడం. గాలాగితే గని ఖరాబైతది. నీళ్ళ పంపులు గూడ నడువాల్సిందే."

"మీ ఒంట్లో కూడా గంతే. మీరు కదలకుండ పండుకున్నా గుండె కొట్టుకోవాలె, ఊపిరాడాలె, ఒళ్ళు వెచ్చగుండాలె. దానికే చాలా ఖర్చయితది. దాన్ని మెటబాలిక్ రేటు అంటం. దాని మీద మీరు చేసే పని ఖర్చు. రెండు కలిస్తే మీకు కావలసిన తిండి. ఆ ఖర్చును క్యాలరీలల్ల కొలుస్తం. బొగ్గు నింపిన నాడు పని ఖర్చు మస్తుండె. కుర్చీల కూసున్నంక అది పోయింది. అంత మట్టుకే తిండి తగ్గించుకోవాల్సింది. మీరు ఫ్యాను ఖర్చు గూడ కోసేసిండ్రు."

"కోసేసినం మేడం" అన్నాను.

"కోస్తే ఒళ్ళు ఊకుంటదా? అది గూడ పొదుపు చేస్తది. చలి పెడతది, జుట్టూడుతది, కండ కరుగుతది. ఇంత తిండితోనే నడుపుకోవాలని నేర్చుకుంటది. అందుకే మీకు బరువు తగ్గుడు ఆగింది. మళ్ళ తినంగనే అంత దాసిపెట్టుకున్నది. తప్పు మీ నోటిది కాదు."

"మరి మా బావ?" అన్నాను.

"చక్కెర గోళీ తిండి ఉన్నదనుకోని పనిచేస్తది. తిండి లేకుంటే రక్తంల ఉన్న చక్కెరను గూడ గుంజుతది. చెమటలు పట్టి మాట తడబడ్డప్పుడు, మింగే తెలివి ఉన్నంతల జల్ది ఇంత చక్కెర నీళ్ళు తాపాలె. తెలివి తప్పినంక నోట్లె ఏం పొయ్యద్దు, దవాఖానకు ఉరకాలె. గోళీలు తినేటోళ్ళు ఎవ్వరైన డాక్టరును అడగకుండ ఉపాసం ఉండద్దు. గిది మీరు నలుగురికి చెప్పాలె."

చెప్పమన్నది గనుక చెబుతున్నాను. ఆ రోజు వంటావార్పు దగ్గర, టెంటు పక్కనే చాయ్ డబ్బా ఉంది. అక్కడ చక్కెర ఉంది. "టబ్బు నిండలే ఇంక" అన్న మాట దగ్గర నా మనసు ఇప్పటికీ ఆగిపోతుంది.

ఆ తర్వాతి రెండేళ్ళ గురించి రాయడానికి గొప్ప సంగతులేమీ లేవు. డాక్టరమ్మ చెప్పినట్టు ఒళ్ళు అడిగేదానికంటే కొంచెమే తక్కువ తిన్నాను. అన్నం సగానికి తగ్గింది, పప్పు, కోడిగుడ్డు, ఆకుకూర పెరిగాయి. మూడు పూటలూ తిన్నాను. సాయంత్రం నడిచాను, కరిగిన కండ తిరిగి రావాలని నీళ్ళ బిందెలు నేనే మోశాను. బరువు చాలా మెల్లగా దిగింది. ఒక్కోసారి నెలంతా దిగేది కాదు. ముల్లు కదలని నెలల్లో పాత భయం తిరిగొచ్చి అన్నం ముందు నుంచి లేచిపోబోయేవాణ్ణి. అప్పుడు సరోజన తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చునేది. తినమని అనేది కాదు, తాను తినేది. ఆమె చెంపలు మళ్ళీ నిండాయి. నాకు చేతులు వెచ్చబడ్డాయి. నేను ఇప్పుడూ లావే. మెట్లెక్కితే ఆయాసం మాత్రం రాదు.

బావ ఉద్యోగం స్వప్నకు పెట్టించుదామన్నారు పెద్దలు. పిల్ల చదువు ఆగిపోతుందని లచ్చక్క తానే చేరింది. అంతవరకూ ఇల్లు దాటి పని చేయని మనిషి. ఓపెన్‌కాస్టు గనిలో తవ్విపోసిన మట్టి దిబ్బల మీద మొక్కలు నాటే పనిలో వేశారు. గడ్డపారతో గుంతలు తీయడం, మొక్కల గంపలు దిబ్బ మీదికి మోయడం, నీళ్ళు పోయడం. మొదటి నెలల్లో చేతులు బొబ్బలెక్కి వచ్చేవి. ఏమీ అనేది కాదు.

రెండువేల పద్నాలుగు జూన్‌లో రాష్ట్రం వచ్చింది. బజారంతా రంగులు చల్లుకుంటున్న పూట, అక్క డ్యూటీ దిగి మా ఇంటికొచ్చింది. చౌరస్తాలో డప్పులు వినబడుతున్నాయి. ఆమె చెవులు మూసుకోలేదు కానీ వాకిట్లో నిలబడకుండా సీదా వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. సరోజన అన్నం పెట్టింది. తిన్నది. మళ్ళీ పెట్టింది. అదీ తిన్నది. తర్వాత పళ్ళెంలో చేయి పెట్టుకుని ఆగిపోయింది.

"తమ్మీ, నాకు ఆకలైతున్నదిరా" అన్నది.

"తిను అక్కా."

"గది కాదురా. చెప్పాల్నంటే సిగ్గయితున్నది. మీ బావ ఉన్నన్నినాళ్ళు నాకు పిడికెడంతే తిండి. ఇప్పుడు ఎంత తిన్నా నిండుతలేదు. మొన్న నా సద్ది తిని, పక్కామె సద్దిల గూడ చెయ్యి వెట్టిన. మొగడు వోయిన దానికి గింత ఆకలేందని నాకు నేనే తిట్టుకుంటున్న."

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. డాక్టరమ్మ నాకు చెప్పినదంతా అక్కకు చెప్పాను. గడ్డపార ఎత్తే ఒంటికి ఎంత కావాలో, ఊరికే ఉన్న ఒంటికి ఎంత కావాలో. ఆమె ఆకలి ఆమె పనిదని, దానికి దుఃఖంతో తగువు లేదని. ఆమె బొబ్బలు కాయగట్టిన అరచేతిని చూసుకుంటూ విన్నది. అంతా అయ్యాక తలెత్తింది.

"గీ ముచ్చట మీ బావకు ఎవ్వలు చెప్పలేదారా?"

"ఎవ్వలు చెప్పలే అక్కా."

డప్పులు మా సందు మలుపు దాకా వచ్చి, బజారు వైపు తిరిగిపోయాయి.  అక్క కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకోలేదు. తర్వాత పళ్ళెం సరోజన వైపు జరిపింది.

"ఇంకింత ఎయ్యి సరోజనా" అన్నది.